డాక్టరు ఫోన్లో ఉన్నారు... మందుల డబ్బా చూసేదెవరు?

మా పెద్దమ్మ మందుల డబ్బా ఒకప్పటి బిస్కెట్ల రేకు డబ్బా. మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. గత కార్తీకంలో సోమవారం ఉపవాసం ఉండి, మర్నాడు తెల్లవారుజామున పెరట్లోకి వెళ్తూ గడప దగ్గర కళ్లు తిరిగి పడింది. ఊళ్లోని విలేజ్ క్లినిక్ నర్సు పరుగున వచ్చి బీపీ చూస్తే పైది 90, కిందిది 60.

"నిన్న ఏం మాత్రలు వేసుకున్నావు మామ్మా?"

"రోజూ వేసుకునేవేనమ్మా. కొత్తగా ఏం వేసుకోలేదు."

ఆ అమ్మాయి ఆ జవాబుతో ఆగలేదు. డబ్బా తెప్పించి మంచం మీద బోర్లించింది. క్లినిక్‌లో ఇచ్చిన బీపీ మాత్ర టెల్మిసార్టాన్ షీటు ఒకటి. షుగర్ మాత్రలు. వాటి మధ్య, మందుల షాపులో కత్తిరించి ఇచ్చిన షీటు ముక్క ఒకటి. పేరున్న సగం షాపులోనే ఉండిపోయింది, మిగిలిన సగం మీద మూడు అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి. బిల్లు వెతికి పట్టుకుంటే తేలిందేమిటంటే, అది కూడా టెల్మిసార్టానే. కాకపోతే ఇంకో కంపెనీ పేరుతో, మరో బీపీ మందు ఆమ్లోడిపిన్ కలిపి చేసిన మాత్ర. ఒకటి తెల్లగా, ఇంకొకటి ఎర్రగా ఉంది కాబట్టి అవి రెండు వేర్వేరు మందులని పెద్దమ్మ అనుకుంది. పది రోజులుగా రెండూ వేసుకుంటోంది. పైగా ఆ రోజు ఉపవాసం.

ఆ రెండు మాత్రలూ ఫోన్ ద్వారా వచ్చినవే. తెల్లది క్లినిక్ ట్యాబ్‌లో కనిపించిన ప్రభుత్వ వైద్యుడు రాసింది. ఎర్రది డల్లాస్‌లో ఉన్న కొడుకు తల్లి మీద బెంగతో ఒక యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే, నగరంలోని స్పెషలిస్టు వీడియోలో చూసి రాసింది. ఇద్దరూ చదువుకున్న వైద్యులే, ఇద్దరూ రాసింది సరైన మందే. కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పెద్దమ్మ మోచెయ్యి దోక్కుపోయింది గానీ ఎముక విరగలేదు. డెబ్బై దాటిన మనిషికి తుంటి విరిగి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా మొదలయ్యేది.

ఇది చెప్పి దూరవైద్యం వద్దనడం నా ఉద్దేశం కాదు. అది లేకపోతే మన పల్లెల్లో షుగరు, బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తిరగాలో తెలిసినవాడిని. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. మూడు నిమిషాల ఓపీ కోసం ఇద్దరి కూలి, రానూపోనూ చార్జీలు, ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో పడక. ఇన్ని భరించలేక మందులు మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని బీపీ మాత్ర ఆపేసి, ఆరు నెలలకు పక్షవాతంతో మంచాన పడినవాళ్లూ ఉన్నారు. ఇలాంటి జబ్బులకు వైద్యమంటే ఒక్కసారి చేసి ముగించేది కాదు, నెలనెలా చూసుకోవాల్సింది. నెలనెలా ప్రయాణం చేయలేనివారికి ఫోన్ నిజంగా వరమే.

నా అభ్యంతరం వేరు. దూరవైద్యం అంటే కాల్ కలపడమే అన్నట్టుగా మన ప్రభుత్వాలు, కంపెనీలు వ్యవహరిస్తున్నాయి. దీర్ఘకాలిక రోగికి కాల్ ఒక్కటే చాలదు. కాల్‌కు ఇవతల పరీక్ష, మందు, మందుల డబ్బా బోర్లించి చూసే మనిషి ఉండాలి. అవతల పోయిన నెల మాట్లాడిన వైద్యుడే ఉండాలి. ఇవి లేని చోట కాల్స్ పెరుగుతాయేమో గానీ రోగి బీపీ తగ్గదు.

మన రాష్ట్రానికి ఇది కొత్త పాఠం కూడా కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారు పెట్టిన గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో, అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రారంభించారు. ఆ తర్వాత 2007లో ఉమ్మడి రాష్ట్రంలో 104 నంబరు వచ్చింది. ఫోన్ చేస్తే సలహా చెప్పేవారు. జ్వరానికి, విరేచనాలకు ఆ సలహా పనికొచ్చింది. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు సలహా సరిపోలేదు. వాళ్లకు కావలసింది నెలకు సరిపడా మాత్రలు, రక్తంలో చక్కెర ఎంతో చూసే మిషను. అందుకే కొద్దికాలానికే అదే 104 పేరుతో వ్యాన్లు బయల్దేరాయి. నెలకోసారి చెప్పిన తేదీకి ఊరి మధ్య చెట్టు కింద ఆగి, బీపీ చూసి, షుగర్ చూసి, నెల మందులిచ్చి, కార్డు మీద రాసి వెళ్లేవి. ఇప్పటికీ మా వైపు పెద్దవాళ్లకు 104 అంటే ఫోన్ నంబరు కాదు, బండి. "బండొచ్చే రోజు" అంటే తేదీ చెప్పనక్కర్లేదు. ఫోన్‌తో మొదలైన సేవ రోగి ఇంటి ముందుకు రావలసి వచ్చిందంటే ఎందుకో ఆలోచించాలి కదా.

ఇప్పుడు కేంద్రప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని సంగతి చూద్దాం. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల్లో మొదలైంది. కొవిడ్ లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే మాట్లాడే సదుపాయం తోడైంది. 2023 ఫిబ్రవరి నాటికి దేశంలో 10 కోట్ల సంప్రదింపులు పూర్తయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది. అందులో 3.17 కోట్లు ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. రెండో స్థానంలో నిలిచిన తమిళనాడు వాటా దాదాపు 1.24 కోట్లు, తెలంగాణది 46 లక్షల దరిదాపు. సేవ పొందినవారిలో సగానికి మించి మహిళలు. చిన్న విషయం కాదిది. ఊళ్లోనే ఉన్న గదిలోకి వెళ్లి, తమకు తెలిసిన నర్సు పక్కన కూర్చుని మాట్లాడగలగడం వల్లే అంతమంది ఆడవాళ్లు ముందుకొచ్చారని నేను నమ్ముతాను. ఈ ఘనత ఆ నర్సులదే.

కానీ ఆ 3.17 కోట్ల అంకె ఒక ప్రశ్నకు జవాబివ్వదు. అందులో బీపీ రోగులెందరు? మాట్లాడిన మూడు నెలలకు వారిలో ఎందరి బీపీ 140/90 కంటే కిందికి దిగింది? ఈ లెక్క ఎక్కడా కనిపించదు. కాల్స్ సంఖ్యను గొప్పగా చూపించుకుంటే కింద పనిచేసేవాళ్ల మీద ఒత్తిడి కూడా ఆ సంఖ్య కోసమే పడుతుంది. "ఈ రోజుకు ఇంకా నాలుగు కాల్స్ కావాలండీ" అని సాయంత్రం నాలుగింటికి దిగులుపడే నర్సును నేను చూశాను. ఆ నాలుగు కాల్స్ బదులు ఆమె రెండు ఇళ్లకు వెళ్లి, మందులు మానేసినవాళ్లను పలకరిస్తే ఊరికి ఎక్కువ మేలు. ఆ పలకరింపులను లెక్కించే గడి ఆమె పోర్టల్‌లో లేదు.

కొలవడం తెలియక కాదు. 2017 నవంబరులో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ ఈ పని చేసి చూపించింది. మొదటి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు, తగ్గకపోతే తర్వాతి మెట్టు ఏమిటన్నది ఒకే పద్ధతిగా రాసిపెట్టారు. మందులు ముప్పై రోజులకు సరిపడా ఇవ్వాలన్నారు. రోగి మళ్లీ రాకపోతే ఫోన్ చేసి పిలవాలన్నారు. చివరికి చూసిన లెక్క ఎంతమంది వచ్చారని కాదు, ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చిందని. ఆ పథకానికీ ఈ-సంజీవనికీ జతకుదర్చడం ఆరోగ్యశాఖ చేతిలో పని. ఒకే రోగి, ఒకే క్లినిక్, ఒకే నర్సు. రిజిస్టర్లు మాత్రం రెండు!

పరికరం చేతికిస్తే ఫలితం దానంతటదే వస్తుందనుకోవడం ఎంత పొరపాటో చెప్పే పరిశోధన మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే జరిగింది. స్మార్ట్‌హెల్త్ ఇండియా పేరుతో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చారు. గుండెజబ్బు ముప్పు ఎవరికెక్కువో ఆ ట్యాబ్ లెక్కకట్టి చెబుతుంది, డాక్టరుకు ఏ మందు రాయాలో సూచిస్తుంది. ఆశాలు ఆ పని చక్కగా నేర్చుకున్నారు, వేల మందిని పరీక్షించారు. తీరా చూస్తే, ట్యాబ్ ఉన్న కాలానికీ లేని కాలానికీ బీపీ అదుపులో ఉన్నవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఈ ఫలితాన్ని నేను ఆశాల వైఫల్యంగా చదవను. ముప్పు కనిపెట్టిన చేతికి, నెలనెలా మాత్ర అందించే చేతికి మధ్య ఉన్న ఖాళీని తెర ఒక్కటే పూడ్చలేదని చదువుతాను.

ఇక చట్టం ఏమంటోంది? 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. హడావుడిలో వచ్చినా అందులో మంచి ఆలోచన ఉంది. ఒక వైద్యుడు రోగిని నేరుగా చూశాక ఆరు నెలల లోపు అదే జబ్బు కోసం అదే వైద్యుడితో దూరం నుంచి మాట్లాడితే అది ఫాలో-అప్. ఆరు నెలలు దాటినా, జబ్బు వేరైనా అది మొదటి సంప్రదింపు కిందే లెక్క. మొదటిసారి మాట్లాడేటప్పుడు రాయగల మందులు తక్కువ, చీటీ లేకుండా దొరికే మామూలు మందులు తప్ప మిగతావి వీడియోలో చూసి రాయాల్సినవే. ఫాలో-అప్‌లో రాయగలవి ఎక్కువ. మత్తు మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు ఎప్పుడూ రాయకూడదు. రోగిని నేరుగా చూడాల్సిన అవసరం ఉందనిపిస్తే ఆ మాట చెప్పి పంపే అధికారం, బాధ్యత వైద్యుడివే.

ఆ ఆరు నెలల గీతలో దీర్ఘకాలిక జబ్బుల వైద్యమంతా ఉంది. ముందు చేయి పట్టుకుని చూడాలి, ఆ తర్వాత ఫోన్లో నడిపించాలి, ఆరు నెలలకు మళ్లీ ఒకసారి చేయి పట్టుకోవాలి. ఆచరణలో ఈ వరస తలకిందులైంది. ఈ-సంజీవనిలో క్యూలో ఎవరు ఖాళీగా ఉంటే ఆ వైద్యుడే తెర మీదికి వస్తారు. పోయిన నెల గుంటూరు నుంచి మాట్లాడినవారు ఈ నెల ఉండరు. కొత్త వైద్యుడు కథంతా మొదటి నుంచి అడగాలి, లేదా అడగకుండా "అవే మందులు వాడండమ్మా" అని పెట్టేయాలి. వెనక ఇంకో పాతిక మంది ఎదురుచూస్తుంటే ఏది జరుగుతుందో ఊహించవచ్చు. వైద్యుడి తప్పు కాదిది, ఏర్పాటు తప్పు.

తెర మీద కనిపించనివి కూడా చాలా ఉన్నాయి. షుగరున్న మనిషి పాదం చూడాలి. పది గ్రాముల నైలాన్ పోగుతో అరికాలిని తాకి స్పర్శ తెలుస్తోందా అని అడగాలి. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండై చీము పట్టాకే తెలుస్తుంది. చీలమండ మీద బొటనవేలితో నొక్కి సొట్ట పడుతుందేమో చూడాలి. కంటి వెనక పొర చూడాలి. వీటిలో ఒక్కటీ ఫోన్ చేయలేదు. కానీ ఫోన్‌కు ఇవతల శిక్షణ ఉన్న మనిషి ఉంటే దాదాపు అన్నీ చేయవచ్చు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల్లో నడిపే విజన్ సెంటర్ల పద్ధతి అదే. అక్కడ డాక్టరు ఉండరు. శిక్షణ పొందిన టెక్నీషియన్ కంటిని పరీక్షిస్తారు, ఫొటో తీస్తారు, అవసరమైతే దూరాన ఉన్న నేత్ర వైద్యులు చూసి చెబుతారు. అక్కడ దూరవైద్యం నిలబడిందంటే, వీడియో స్పష్టత వల్ల కాదు. ఇవతలి మనిషి చేతిలో పని ఉండటం వల్ల.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ విషయం ప్రాణాల మీది సంగతి. అక్కడి కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు. కాళ్లవాపు, ఆయాసం వచ్చేసరికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. ముందే పట్టుకోవాలంటే రక్తంలో క్రియాటినిన్ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. ఆ రెండు అంకెలు లేకుండా కవిటి నుంచో మందస నుంచో ఎంత గొప్ప నెఫ్రాలజిస్టుతో మాట్లాడించినా ఆయన చెప్పగలిగేది తక్కువ. అంకెలుంటే మాత్రం అదే కాల్ ఎంతో పని చేస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ దాకా రాని రోగులను పలాస వైద్యులే పేరుపేరునా ఫోన్లో చూసుకునే ఏర్పాటు ఉంటే, డయాలసిస్ కుర్చీల అవసరమే కొంత వెనక్కు జరుగుతుంది. ఆ కాల్‌లో తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఒళ్లు నొప్పులకు మాత్రలు కొనుక్కుంటున్నారా?" రోజంతా తోటల్లో నడుం వంచి పనిచేసేవాళ్లు సాయంత్రం షాపులో నొప్పి మాత్ర కొనుక్కుంటారు. దెబ్బతిన్న కిడ్నీకి అది విషంతో సమానం. ఎవరో వచ్చి అడిగేదాకా దాన్ని వాళ్లు మందుల్లోనే లెక్కపెట్టరు.

ఇంట్లోంచి చేసే కాల్స్‌లో ఇంకో ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫోన్ మనవడిది. స్పీకర్ ఆన్ చేసి వాడే పక్కన కూర్చుంటాడు. మూత్రం దగ్గర మంట అని, రాత్రుళ్లు ఏడుపొస్తోందని, కోడలు పథ్యం వండటం లేదని ఏ ముసలమ్మ వాడి ముందు చెబుతుంది? ఏళ్లతరబడి జబ్బుతో ఉన్నవాళ్లకు దిగులు కూడా ఒక జబ్బే. దానికి 14416 నంబరుతో టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి, మాట్లాడుకోవడానికి ఒక గది కావాలి.

ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్నేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం తెచ్చినప్పుడు, పీహెచ్‌సీ వైద్యుడు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి చూడాలన్నారు. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి. ఆ ఆలోచన మాత్రం మారకూడనిది. ఊరికొచ్చి పెద్దమ్మను చూసిన డాక్టరే మిగతా రోజుల్లో ఆమె కాల్ కూడా అందుకుంటే, ఆరు నెలల నిబంధన దానంతటదే నెరవేరుతుంది, కథ మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ-సంజీవని కాల్స్ అందుకునే వైద్యులకు ఊళ్లు కేటాయించాలి. క్యూలో ఖాళీగా ఉన్నవారు జ్వరాలకు చాలు, షుగరుకు చాలరు. బీపీ, షుగర్ నిలకడగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తే, మిగిలిన సమయం నిలకడ లేనివాళ్లకు దక్కుతుంది. సరఫరా చేసే కంపెనీ మారి మాత్ర రంగు మారినప్పుడు ఆ సంగతి నోటితో చెప్పడం నర్సు పనిలో భాగం కావాలి. చదువు రానివాళ్లు మందును గుర్తుపట్టేది రంగుతోనే.

ప్రైవేటు యాప్‌లకు ఒక్క నియమం పెట్టినా చాలా మేలు. రోగి ఇప్పటికే వాడుతున్న మందులన్నీ నమోదు కానిదే కొత్త చీటీ బయటికి రాకూడదు. పెద్దమ్మను వీడియోలో చూసిన స్పెషలిస్టు "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారో లేదో నాకు తెలియదు. అడిగినా ఆమె "షుగరు మాత్రలు బాబూ" అని ఊరుకుని ఉంటుంది. క్లినిక్‌లో డబ్బు తీసుకోకుండా ఇచ్చినవాటిని ఆమె ఆసుపత్రి మందులుగా లెక్కపెట్టదు. అందుకే అడగడం చాలదు, చూపించమనాలి. పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు కింద ప్రభుత్వ చీటీ, ప్రైవేటు చీటీ ఒకేచోట కనిపించేలా చేస్తామని 2021 నుంచి వింటున్నాం. పెద్దమ్మకు ఆ నంబరుంది. ఆ రోజు దాన్ని ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తెరవలేదు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్ల మంది. బీపీ ఉన్నవారు పెద్దవాళ్లలో మూడో వంతు పైనే. ఇంతమందికి నెలనెలా ఎదురుగా కూర్చుని చూసే డాక్టర్లు మనకు లేరు, దగ్గర్లో రారు కూడా. కాబట్టి దూరవైద్యం ఉంటుంది, ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు నా విన్నపం ఒక్కటే. ఇన్ని లక్షల కాల్స్ అని ప్రకటించే ప్రతిసారీ దాని పక్కనే ఇంకో అంకె వేయండి: మీ దగ్గర నమోదైన బీపీ రోగుల్లో ఈ మూడు నెలల్లో ఎంతమందికి బీపీ 140/90 లోపుకు వచ్చిందో, ప్రతి క్లినిక్‌కూ విడివిడిగా. మొదట్లో ఆ అంకె తక్కువగానే ఉంటుంది. ఉండనివ్వండి. దాచకండి.

ఊరికి దూరంగా ఉన్న కొడుకులకు, కూతుళ్లకు కూడా ఒక మాట. అమ్మకో నాన్నకో యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు వీడియో కాల్ చేసి, మందుల డబ్బా మంచం మీద బోర్లించమనండి. ఒక్కో షీటునూ తిప్పి వెనక వైపు చూపించమనండి. పేరు తెగిపోయిన ముక్కలుంటే బిల్లు వెతకమనండి. ఆ జాబితా రాసి డాక్టరుకు ముందే పంపండి, ఒక ప్రతి ఊళ్లో నర్సుకు ఇవ్వండి. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఇదే చేస్తున్నాడు. దానికి పట్టేది పదిహేను నిమిషాలు.